తప్పుకోవచ్చు అంటే సరిపోతుందా?

ఇంగ్లండులో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పిల్లకు నాలుగేళ్లు నిండబోతున్నాయంటే బడి వెతుకులాట మొదలవుతుంది. తెలిసినవాళ్లను అడిగితే వచ్చే సలహా తరచూ ఒకటే: "దగ్గర్లో చర్చి స్కూలుంటే అందులో వేసేయండి. క్రమశిక్షణ బాగుంటుంది, టీచర్లు శ్రద్ధగా చెబుతారు." మరి అక్కడ రోజూ చేయించే ప్రార్థన సంగతేమిటని ఎవరైనా నసిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది: "అదెంత, పది నిమిషాలు. ఇష్టం లేకపోతే ఒక లెటర్ రాసిస్తే పిల్లను పక్కన కూర్చోబెడతారు. దానికింత చర్చ దేనికండీ?"

ఇది మనవాళ్ల మాటే కాదు. ఆ దేశంలో ఈ విషయం ఎప్పుడు చర్చకు వచ్చినా ప్రభుత్వం చెప్పేది ఇదే, చర్చి చెప్పేదీ ఇదే. 2024లో ఉత్తర ఐర్లండు అప్పీలు కోర్టు ఇలాంటి ఒక కేసును తేల్చేటప్పుడు ఆనుకున్నదీ ఈ మాటమీదే. తప్పుకునే హక్కు ఉంది కనుక బలవంతం లేదు, బలవంతం లేదు కనుక ఫిర్యాదు లేదు. ఎనభై ఏళ్లుగా నిలబడి ఉన్న ఈ వాదనలో పస లేదని నేనంటాను. చర్చి బడులు మూసేయమని నా ఉద్దేశం కాదు. వాటిలో ప్రార్థన మానేయమనీ అనను. అందరినీ హాల్లో కూర్చోబెట్టేసి, వద్దనుకున్నవాళ్లు వచ్చి చెప్పుకోండి అనే పద్ధతి అన్యాయం. కావాలా అని ముందుగా అడిగి, కావాలన్నవాళ్ల చేత చేయించడం న్యాయం.

ముందు చట్టం సంగతి. ఇంగ్లండు, వేల్స్‌లలో ప్రభుత్వ నిధులతో నడిచే బడుల్లో విద్యార్థులందరూ రోజూ సామూహిక ఆరాధనలో పాల్గొనాలి. 1944 విద్యా చట్టం పెట్టిన నియమం ఇది. 1988 విద్యా సంస్కరణ చట్టం దీన్ని ఇంకాస్త బిగించింది. ఇప్పుడది 1998 నాటి చట్టంలో 70వ సెక్షనుగా ఉంది. మామూలు బడుల్లో ఆరాధన ప్రధానంగా, స్థూలంగా క్రైస్తవ స్వభావంతో ఉంటే చాలు. చర్చి బడుల్లో మాత్రం బడి ట్రస్టు డీడు ప్రకారం, ఆ శాఖ విశ్వాసాల ప్రకారం జరగాలి. ఒక్క చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌కే ఇలాంటి బడులు సుమారు 4,600 ఉన్నాయి. దాదాపు పది లక్షల మంది పిల్లలు వాటిలో చదువుతున్నారు. ప్రభుత్వ నిధులతో నడిచే ప్రాథమిక బడుల్లో నాలుగింట ఒకటి ఈ చర్చిదే. అంటే ఇదేదో మూలనున్న వ్యవహారం కాదు. చాలా పల్లెల్లో ఉన్న ఒకే ఒక్క బడి ఇదే.

"పది నిమిషాలే" అన్న మాటను లెక్కకట్టి చూద్దాం. బడి ఏడాదికి 190 రోజులు. రిసెప్షన్ తరగతి నుంచి ఆరో ఏడాది దాకా ఏడేళ్లు. మొత్తం 1,330 సార్లు. ఒక్కోసారి పావుగంట వేసుకున్నా 330 గంటలు దాటుతుంది. ఎక్కాలైనా ఇంత క్రమం తప్పకుండా రోజూ చెప్పాలని చట్టం లేదు. ఏడేళ్లపాటు రోజూ చేసే పని పిల్లల మీద ప్రభావం చూపదనుకుంటే చర్చి దానికోసం ఇంత శ్రమపడదు. ఆ ఆరాధన ఎలా జరుగుతోందో చూడటానికి తన సొంత తనిఖీదారులను పంపుతుంది, దాని నాణ్యత మీద నివేదిక రాయిస్తుంది. నడిపేవాళ్లే ఇది బడికి గుండెకాయ అంటుంటే, పిల్లల్ని పంపే మనం ఏముందిలే అనుకోవడం వాళ్లను కూడా చిన్నబుచ్చడమే.

హాల్లో జరిగేదేమిటో చూడండి. తరగతులు వరసగా వస్తాయి. చిన్నవాళ్లు ముందు నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు, పెద్దవాళ్లు వెనకాల బెంచీల మీద. ముందు బల్ల మీద ఒక సిలువ, కొవ్వొత్తి ఉంటాయి. కొన్ని బడుల్లో త్రిత్వానికి గుర్తుగా మూడు కొవ్వొత్తులు పెడతారు. పెద్ద తరగతి పిల్ల వచ్చి వెలిగిస్తుంది. టీచరు దేవుడి పేరు మీద పలకరిస్తే పిల్లలంతా ఒకే గొంతుతో బదులిస్తారు. ఒక బైబిల్ కథ, తెరమీద పదాలు చూస్తూ ఒక పాట, కళ్లు మూసుకుని ప్రార్థన, చివర ఆమేన్. ఆ వెంటనే, ఎవరూ కదలకుండానే, పుట్టినరోజు పిల్లలకు చప్పట్లు, వారమంతా బాగా చదివినవాళ్లకు సర్టిఫికెట్లు, ఫుట్‌బాల్ జట్టు గెలిచిన కబురు. చూడముచ్చటగా ఉంటుంది, కాదనను.

ఇప్పుడు 'తప్పుకున్న' పిల్ల ఎక్కడుందో చూడండి. లైబ్రరీ మూల చిన్న కుర్చీలోనో, ఆఫీసు బయట బల్ల దగ్గరో, ఒక టీచింగ్ అసిస్టెంటు పక్కన, రంగులు వేయమని ఇచ్చిన కాగితం ముందు. తలుపు సందులోంచి పాట వినబడుతూనే ఉంటుంది. బయటికొచ్చిన స్నేహితురాళ్లు "నువ్వెందుకు రాలేదు?" అంటారు. నాలుగేళ్ల పిల్ల ఏం చెబుతుంది? మా ఇంట్లో ఈ విశ్వాసం లేదు అనడానికి దానికి మాటలు రావు. చప్పట్లూ, సర్టిఫికెట్లూ, గెలుపు కబురూ ప్రార్థనతో కలిపి ఒకే మూటగా కట్టేశారు కనుక అవన్నీ దానికి ఒక్కసారే దూరమయ్యాయి. ఆరాధన వేరు, అసెంబ్లీ వేరు అని 1994లో విద్యాశాఖ ఇచ్చిన సర్క్యులరే చెప్పింది. కానీ రెండూ ఒకే సమావేశంలో కలిపి పెట్టుకోవచ్చని కూడా అదే చెప్పింది. ఆ వెసులుబాటు బడికి సుఖం, పిల్లకు శిక్ష. పోనీ పక్కన కూర్చున్న ఆ పావుగంటలో పిల్లకు దీటైన పాఠం ఏదైనా చెప్పాలా? ఆ బాధ్యతను చట్టం స్పష్టంగా పెట్టలేదు. కనిపెట్టుకుని ఉంటే చాలు. 2019లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒక జంట హైకోర్టు దాకా వెళితే తప్ప, తప్పుకున్న పిల్లలకు సమానమైన విలువున్న మరో కార్యక్రమం పెడతామని బడి నడిపే ట్రస్టు ఒప్పుకోలేదు. అదీ విచారణకు ముందు రాజీ, తీర్పు కాదు, కనుక మిగతా బడులకు అది కట్టుబాటు కాలేదు.

నలుగురితో నారాయణ, గుంపుతో గోవింద అన్న సామెత మనకు చిన్నప్పటినుంచీ తెలుసు. గుంపులోంచి విడిగా నిలబడటం పెద్దవాళ్లకే కష్టమని ఆ సామెత పుట్టించినవాళ్లకూ తెలుసు. ఆ కష్టాన్ని తీసుకెళ్లి నాలుగేళ్ల పిల్ల నెత్తిన పెట్టి, దానికి హక్కు అని పేరు పెట్టడం ఏం న్యాయం? ఇంకో మెలిక ఉంది. ఈ హక్కు పిల్లది కూడా కాదు, తల్లిదండ్రులది. తనంతట తాను తప్పుకునే హక్కు సిక్స్త్ ఫారమ్ విద్యార్థులకు, అంటే పదహారు దాటినవాళ్లకు, 2006 చట్టంతో వచ్చింది. అప్పటికే చాలా సెకండరీ బడుల్లో రోజువారీ ఆరాధన మొక్కుబడిగా మారింది, చాలాచోట్ల లేనే లేదు. చట్టం గట్టిగా అమలయ్యేది చర్చి ప్రాథమిక బడుల్లో, అందరికన్నా చిన్నవాళ్ల మీద. ఎదురు చెప్పగల వయసువాళ్లకు సడలింపు, చెప్పలేని వయసువాళ్లకు నిత్య నియమం!

తల్లిదండ్రులకైనా అదంత తేలికా? కారణం చెప్పనక్కర్లేదని ఆ 1994 సర్క్యులర్ అంటుంది. బాగానే ఉంది. కానీ కొత్తగా వచ్చిన కుటుంబం, ఉచ్చారణ మీద ఇంకా బెరుకు పోని తల్లి, బడి గేటు దగ్గర అందరితో మంచిగా ఉండాలనుకునే తండ్రి, హెడ్ టీచరుకు ఆ లెటర్ రాయాలంటే ఎంత మొహమాటపడతారో మనలో ప్రతి ఒక్కరికీ తెలుసు. రాస్తే పేచీకోరుల్లా కనిపిస్తాం, పిల్లను వేరుగా చూస్తారు అనుకుని ఊరుకుంటారు. అలా ఊరుకున్నవాళ్లందరినీ ఒప్పుకున్నవాళ్ల ఖాతాలో రాసుకుని, "ఎవరూ తప్పుకోవడం లేదు, అందరికీ ఇష్టమే" అని బడులు చెప్పుకుంటాయి. నోరు మెదపనివాళ్ల సంఖ్యను సమ్మతికి రుజువుగా చూపడం ఈ వాదనలో అన్నిటికన్నా బలహీనమైన అంగం.

ఇది నా ఒక్కడి ఊహ కాదు. ఉత్తర ఐర్లండులో, బెల్‌ఫాస్ట్‌లోని ఒక ప్రభుత్వ ప్రాథమిక బడిలో చదివిన చిన్నపిల్ల కేసు చూడండి. తల్లిదండ్రులకు మతం లేదు. పిల్ల ఇంటికొచ్చి భోజనానికి ముందు దేవుడికి కృతజ్ఞతలు చెప్పడం మొదలుపెట్టింది. బడిని అడిగితే మా బోధన బైబిల్ ఆధారంగానే సాగుతుందని జవాబొచ్చింది. పిల్లను తప్పిస్తే వెలివేసినట్టు అవుతుందని తల్లిదండ్రుల భయం. 2022లో హైకోర్టు వాళ్ల వైపు తీర్పిచ్చింది. 2024లో అప్పీలు కోర్టు, తప్పుకునే హక్కు ఉంది కదా అంటూ తిప్పేసింది. 2025 నవంబరు 19న బ్రిటన్ సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా దాన్ని మళ్లీ తిప్పింది. ఒకే విశ్వాసాన్ని విమర్శనాత్మకంగా కాకుండా నూరిపోసే బోధన, ఆరాధన ఉన్నచోట, పిల్లను తప్పించుకోండి అనడం తల్లిదండ్రుల మీద అనుచితమైన భారమనీ, పిల్లకు మచ్చపడే ప్రమాదముందనీ తేల్చింది. 2007లో నార్వే మీద వచ్చిన కేసులో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు కూడా పాక్షిక మినహాయింపు సరిపోదనే చెప్పింది. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ 2016లోనూ, 2023లోనూ ఈ నిర్బంధాన్ని తీసేయమని బ్రిటన్‌కు సిఫారసు చేసింది.

ఆ తీర్పు ఉత్తర ఐర్లండు ప్రభుత్వ బడుల గురించి, ఇంగ్లండులోని చర్చి బడుల గురించి కాదు అంటారు. చట్టపరంగా నిజమే, నేనూ కాదనను. కానీ పక్కన కూర్చోబెట్టిన పిల్లకు పడే మచ్చ బడి గేటు మీద రాసిన పేరును బట్టి మారదు కదా! గేటు మీద ఎవరైనా సెయింటు పేరుంటే ఆ పిల్ల ఒంటరితనం తగ్గుతుందా?

ఇక్కడే అసలు ప్రతివాదం వస్తుంది: "అది వాళ్ల బడి. వాళ్లు కట్టుకున్నారు. నచ్చకపోతే వేరే బడికి వెళ్లండి." ఇందులో కొంత నిజముంది. 1811లో నేషనల్ సొసైటీ పెట్టి, ప్రభుత్వం పేదపిల్లల చదువు ముఖం చూడని రోజుల్లో ఊరూరా బడులు కట్టింది చర్చి. ఆ మేలు ఎవరూ కొట్టేయలేరు. కానీ ఈరోజు ఆ బడి జీతాలు, కరెంటు, పుస్తకాలు అన్నీ ప్రజల పన్నుల నుంచే వస్తున్నాయి. 'వాలంటరీ ఎయిడెడ్' అనే రకం చర్చి బడుల్లో కూడా చర్చి వైపు నుంచి పెట్టుకునేది భవనాల ఖర్చులో సాధారణంగా పది శాతం. 'వాలంటరీ కంట్రోల్డ్' అనే మరో రకం బడుల్లో అదీ లేదు. పన్ను కట్టేవాళ్లలో ఏ మతమూ లేనివాళ్లున్నారు, హిందువులున్నారు, ముస్లింలున్నారు. 2021 జనాభా లెక్కల్లో ఇంగ్లండు, వేల్స్‌లలో క్రైస్తవులమని చెప్పుకున్నవాళ్లు 46.2 శాతం, మతం లేదన్నవాళ్లు 37.2 శాతం. ఊళ్లో ఉన్న ఒక్క బడి ఇదే అయినప్పుడు 'వేరే బడి' అంటే రోజూ బస్సెక్కి పక్క ఊరికి పొమ్మని. తన బడులు అందరి మేలు కోసమని 2016లో చర్చే తన విద్యా దృక్పథ పత్రంలో రాసుకుంది. అందరి కోసమైతే అందరినీ అడగాలి.

"ఇది తరతరాల సంప్రదాయం, కదిలిస్తే దేశమే కదులుతుంది" అనేది మరో మాట. చర్చి బడుల్లో ప్రార్థన పాతదే. అందరి చేతా చేయించాలన్న చట్టం మాత్రం 1944కు ముందు లేదు. యుద్ధకాలంలో విద్యామంత్రి బట్లర్, చర్చిలతో బేరమాడి చాలా బడుల్ని ప్రభుత్వ అదుపులోకి తెచ్చుకుంటూ, దానికి బదులుగా ప్రతి బడిలో ఆరాధన, మత బోధన తప్పనిసరి చేశాడు. ఇది రాజకీయ ఒప్పందం. ఒప్పందాలు మారతాయి. నిజంగా పాతకాలాన్ని చూడాలనుకుంటే 1870 విద్యా చట్టం చూడండి. అందులో మనస్సాక్షి నిబంధన ఉంది: మతపరమైన కార్యక్రమం బడివేళ మొదట్లోనో చివర్లోనో మాత్రమే జరగాలి. కావలసినవాళ్లు ముందొస్తారు, అక్కర్లేనివాళ్లు కాస్త ఆలస్యంగా వస్తారు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు, ఏ పిల్లా మూల కుర్చీలో కూర్చోనక్కర్లేదు. 1988 చట్టం ఆరాధనను రోజులో ఏ వేళనైనా పెట్టుకోనిచ్చింది. బడికి సౌకర్యం పెరిగింది, తప్పుకోవడం మరింత కష్టమైంది. విక్టోరియా రాణి కాలంలో ఉన్న మర్యాద కూడా ఇప్పుడు లేకపోవడాన్ని సంప్రదాయమంటే ఎలా?

"మంచి విలువలు నేర్పుతున్నారు, ఏం నష్టం?" అనే తల్లిదండ్రులకు ఒకటే చెబుతాను. దయ, నిజాయితీ, పంచుకోవడం, నిమిషం సేపు మౌనంగా కూర్చోవడం, ఇవన్నీ అసెంబ్లీలో నేర్పవచ్చు. బైబిల్ కథలు చెప్పవచ్చు, చెప్పాలి కూడా. ఆ దేశపు భాష, బొమ్మలు, పాటలు అర్థం కావాలంటే ఆ కథలు తెలియాలి. ఒక మతం గురించి తెలుసుకోవడానికి, ఆ దేవుడి ముందు తలవంచడానికి మధ్య గీత ఉంది. నా అభ్యంతరమంతా ఆ గీత దాటేటప్పుడు ఎవరినీ అడక్కపోవడం మీదే.

మన తెలుగువాళ్ల దగ్గర ఇంకో జవాబుంటుంది: "మేమూ కాన్వెంట్‌లోనే చదివాం, రోజూ ప్రార్థన చేశాం, మాకేమైంది?" మనకేమైందో పక్కన పెడితే, మన రాజ్యాంగం ఏమందో చాలామందికి గుర్తులేదు. 28వ అధికరణం మూడో ఖండం ప్రకారం, ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న విద్యాసంస్థలో మతబోధకు, ఆరాధనకు హాజరవమని ఎవరినీ నిర్బంధించకూడదు. హాజరు కావాలంటే సమ్మతి ఉండాలి, మైనరైతే సంరక్షకుడి సమ్మతి కావాలి. చూశారా, మన చట్టం 'కావాలా?' అని మొదలవుతుంది, వాళ్లది 'వద్దా?' అని అడుగుతుంది. తేడా అంతా అక్కడే ఉంది. మన బడుల్లో దీన్ని అడ్మిషన్ ఫారంలో ఒక మూల సంతకంగా మింగేస్తారన్నది వేరే పోరాటం. అది మిషనరీ బడులకే పరిమితం కూడా కాదు. సరస్వతీ పూజలో పిల్లలందరినీ నిలబెట్టే బడికీ ఇదే కొలత. మనది కనుక పండగ, వాళ్లది కనుక బలవంతం అనేవాళ్లు నా వాదనను అరువు తీసుకోవద్దని మనవి.

ఈ రాజ్యాంగం రాకముందు, మచిలీపట్నంలో మిషనరీ రాబర్ట్ నోబుల్ 1843లో పెట్టిన బడిలో కొందరు విద్యార్థులు 1852లో బాప్తిస్మం తీసుకుంటే, పెద్దకులాలవాళ్లు పిల్లల్ని మాన్పించేశారు. ఆరోజుల్లో ఇష్టం లేనివాళ్లకు ఉన్న దారి అదొక్కటే: బడినే వదులుకోవడం. రాజ్యాంగం అంతకన్నా మంచి దారి చూపింది. 1986లో కేరళకు చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం వేళ మర్యాదగా నిలబడి, తమ విశ్వాసం కారణంగా పాడకపోతే, బడిలోంచి పంపేసిన కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి ఆ తీర్పు రాశారు. పిల్లల్ని మళ్లీ బడిలో చేర్చుకోమన్నారు. ఆ పిల్లలు క్రైస్తవంలోనే ఒక చిన్న శాఖవాళ్లు. మనస్సాక్షికి రక్షణ అల్పసంఖ్యలో ఉన్న క్రైస్తవులకు ఇక్కడ ఎంత అవసరమో, అల్పసంఖ్యలో ఉన్న మనవాళ్లకు అక్కడా అంతే అవసరం.

చివరి అభ్యంతరం చర్చి లోపలినుంచి వస్తుంది: అడగడం మొదలుపెడితే బడి క్రైస్తవ స్వభావమే పోతుందని. ఈ భయం నాకు వింతగా ఉంది. ఎందుకంటే ఆ చర్చి మిగతా అన్నిచోట్లా అడుగుతుంది. పసిపాపకు బాప్తిస్మమిచ్చేటప్పుడు తల్లిదండ్రులను, జ్ఞాన తల్లిదండ్రులను ముందుకు పిలిచి ప్రశ్నలడిగి జవాబు చెప్పించుకుంటుంది. ఆ పాప పెరిగి తన నోటితో ఒప్పుకుంటే తప్ప బిషప్ ధ్రువీకరణ చేయడు. పెళ్లిలో ఇద్దరినీ అడుగుతారు. బడి హాల్లో మాత్రం అడగరు! సామూహిక ఆరాధన ఆహ్వానంగా ఉండాలని చర్చి 2021లో బడులకిచ్చిన మార్గదర్శకంలో రాసింది. వద్దంటే లెటర్ రాయాల్సిన ఆహ్వానం ఎక్కడైనా ఉంటుందా? తన మతం అడిగి చేరదీసే మతమైనప్పుడు తన బడీ అలాగే ఉండటంలో చర్చికి పోయేదేముంది?

చేయాల్సింది పెద్ద విప్లవమేమీ కాదు. చేర్చుకునే ఫారంలో ఒక ప్రశ్న: మీ పిల్ల రోజువారీ ఆరాధనలో పాల్గొనడానికి సమ్మతమా? జవాబు లేకపోతే లేనట్టే. ఏటేటా ఆ ప్రశ్న మళ్లీ అడగాలి, కాస్త పెద్దయ్యాక పిల్లనూ అడగాలి. పుట్టినరోజులు, సర్టిఫికెట్లు, బడి కబుర్లు అందరూ ఉండే అసెంబ్లీలో. ఆరాధన దానికి ముందో తరువాతో, బడివేళకు ఒక అంచున. రానివాళ్లకు అదే సమయంలో నిజమైన కథో, చర్చో, పాఠమో. బ్రిటన్ పార్లమెంటు చట్టం మార్చేదాకా అన్నీ ఆగక్కర్లేదు. ఆరాధన, అసెంబ్లీ విడదీయడం, వేళ మార్చడం, ఫారంలో ప్రశ్న చేర్చడం ఏ హెడ్ టీచరైనా, ఏ గవర్నర్ల బోర్డైనా రేపే చేయవచ్చు.

చేయకపోతే వచ్చే సందేహం ఒకటుంది. అడిగితే ఎంతమంది వస్తారో అన్న భయంతోనే అడగడం లేదా? అలాగైతే ఇన్నేళ్లూ ఆ హాలు నింపుతున్నది చట్టమే తప్ప భక్తి కాదు. అడిగాక కూడా పిల్లలు వస్తారన్న నమ్మకముంటే అడగడానికి అడ్డేముంది? మనవాళ్లు ఈసారి చర్చి బడి చూడటానికి వెళ్లినప్పుడు ఫలితాలు, యూనిఫాం, భోజనం గురించి అడిగాక, మొహమాటం పక్కన పెట్టి ఇంకొకటి అడగాలి: ఆరాధనకు రాని పిల్లలు ఆ పావుగంట ఎక్కడుంటారు, ఏం చేస్తారు, సర్టిఫికెట్ వాళ్లకు ఎవరి ముందు ఇస్తారు? ఆ ప్రశ్నకు హెడ్ టీచరు తడుముకోకుండా జవాబు చెబితే పిల్లను నిశ్చింతగా చేర్చండి. తడుముకుంటే, తప్పుకునే హక్కు ఆ బడిలో కాగితం మీదే ఉందని అర్థం.